చైనా కొండల చిత్రాల్లో ఖాళీ జాగా

చాలా ఏళ్ల కిందట ఒక సాహిత్య సమావేశంలో ఒక యువకవి చిన్న కవిత చదివాడు. ఆగిపోయిన మగ్గం, దాని మీద సగం నేసిన చీర, పడుగు మీద పేరుకున్న దుమ్ము, మగ్గం గుంటలో పడి ఉన్న నాడె. కవితలో ఉన్నది ఇంతే. నేతపనివాడు ఎక్కడా లేడు. చర్చలో నేను లేచి, "మనిషేడీ? షావుకారేడీ? అప్పేదీ? మగ్గం ఎందుకాగిందో చెప్పకుండా కవి తప్పించుకుంటున్నాడు" అన్నాను. నలుగురూ తలలూపారు. ఆ కుర్రవాడు మారు మాట్లాడలేదు. నెల తర్వాత సవరించిన కవిత తెచ్చి నా చేతికిచ్చాడు. అందులో షావుకారు వచ్చాడు, అప్పు వచ్చింది, నూలు ధర వచ్చింది, చివర బిగించిన పిడికిలి కూడా వచ్చింది. మగ్గం మాత్రం కనిపించడం మానేసింది.

తప్పు ఆ కవిది కాదని నాకు అప్పుడే తోచింది. కానీ నా తప్పేమిటో తెలియడానికి చాలా కాలం పట్టింది. బళ్లో తెలుగు చెప్పుకునే నాకు చిత్రకళలో ప్రవేశం తక్కువ. ఒక గ్రంథాలయంలో చైనా ప్రకృతి చిత్రాల పుస్తకం తిరగేస్తుంటే, గీసిన చోట్లకన్నా గీయకుండా వదిలిన చోట్లే నన్ను ఎక్కువసేపు ఆపాయి. అవేమిటో తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువు చివరికి నన్ను మళ్లీ ఆ మగ్గం దగ్గరికే తీసుకొచ్చింది. రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ పనికొస్తుందనిపించినంత మేరకు ఆ విషయాలు ఇక్కడ వివరిస్తాను.

మొదట ఒక అపోహను పక్కన పెట్టాలి. చైనా చిత్రమంటే ఖాళీయేననుకోవడం సరికాదు. 12వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జాంగ్ జెదువాన్ గీసిన చుట్టచిత్రం అయిదు మీటర్లకు పైగా పొడవుంటుంది. అందులో నది, వంతెన, పడవలు, బండ్లు, అంగళ్లు, వాటి మధ్య పనులు చేసుకుంటున్న వందలాది మంది మనుషులు. 1113లో వాంగ్ షీమెంగ్ గీసిన కొండల చిత్రం దాదాపు పన్నెండు మీటర్ల పొడవునా నీలం, ఆకుపచ్చ ఖనిజపు రంగులతో మెరిసిపోతూ ఉంటుంది. కనుక ఖాళీ వదలడం ఒక జాతి స్వభావమేమీ కాదు. కొందరు చిత్రకారులు, కొన్ని కాలాల్లో, కొన్ని కారణాలవల్ల ఎంచుకున్న పద్ధతి అది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని అడగగలిగిన దేనికైనా చరిత్ర ఉంటుంది. ఈ ఖాళీకీ ఉంది.

ప్రకృతి చిత్రానికి చైనీయుల మాట "షాన్‌ష్వే". అంటే కొండ, నీరు. ఖాళీ వదలడాన్ని "లియుబాయ్" అంటారు. తెలుపును అలాగే ఉండనివ్వడం అని దాని భావం. మేఘం గీయమంటే మన బడిపిల్లలు గుండ్రంగా గీత గీసి లోపల రంగు పూస్తారు. ఈ చిత్రకారుడు కింద చెట్ల తలలు గీస్తాడు, పైన శిఖరం గీస్తాడు, మధ్యలో కుంచె ఆనించడు. ఆ ముట్టుకోని చోటే మనకు మేఘమై కనిపిస్తుంది. అదే తెలుపు ఒకచోట పొగమంచు, ఒకచోట ఏరు, ఒకచోట ఆకాశం. ఏది ఏమిటో చెప్పేది చుట్టూ ఉన్న గీతలే. గీత బలహీనమైతే ఖాళీకి ఏ అర్థమూ రాదు. అది ఉత్త గుడ్డగానో ఉత్త కాగితంగానో మిగిలిపోతుంది. ఈ మొదటి సంగతిని గుర్తుంచుకోవాలి. ఖాళీ తనంతట తాను ఏమీ చెప్పదు. ఉన్నదాని బలం మీదే లేనిది నిలబడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. క్రీ.శ. 1000 ప్రాంతంలో పనిచేసిన ఫాన్ కువాన్ అనే చిత్రకారుడి కొండ చిత్రం ఒకటి ఇప్పుడు తైపేలోని జాతీయ ప్రాసాద మ్యూజియంలో ఉంది. పట్టుగుడ్డ మీద సిరాతో గీసింది. ఎత్తు రెండు మీటర్లకు పైగా ఉంటుంది. పై భాగమంతా ఒకే ఒక్క పెద్ద కొండ. కొండ చీలికలోంచి సన్నటి జలపాతం దారంలా దిగుతుంది. కొండ మొదలు మాత్రం కనిపించదు. అక్కడ అడ్డంగా ఒక పొగమంచు పట్టీ ఉంది. దాని కింద, కుడివైపు దారి మీద, బరువులు మోస్తున్న కంచరగాడిదలను తోలుకుపోతున్న ఇద్దరు మనుషులు. వాళ్లెంత చిన్నవాళ్లంటే మొదటి చూపుకు అసలు కనబడరు.

ఆ పొగమంచు పట్టీని చేత్తో మూసినట్టు ఊహించుకుని చూడండి. కొండ వచ్చి దారి పక్కనే కూర్చుంటుంది. గుట్టంత అవుతుంది. పట్టీ ఉండడంవల్ల కొండ ఎంత దూరంలో ఉందో మనకు అంతు చిక్కదు. అంతు చిక్కదు కాబట్టే దాని ఎత్తుకు హద్దు ఉండదు. ఇంత కొండ కింద ఆ ఇద్దరూ నడుస్తున్నారు. చిత్రకారుడు ఒక రాజునో పండితుడినో అక్కడ నిలబెట్టలేదు. సరుకు మోసే జంతువులనూ వాటిని తోలే మనుషులనూ పెట్టాడు. ఇంకొక విశేషం ఉంది. ఈ చిత్రం మీద ఫాన్ కువాన్ సంతకం ఉందన్న సంగతి 1958 దాకా బయటపడలేదు. అప్పుడు మ్యూజియం పండితుడొకరు దాన్ని కనిపెట్టారు. అది ఎక్కడుందో తెలుసా? ఆ గాడిదల గుంపు వెనకనే, చెట్ల ఆకుల నడుమ. చిత్రకారుడు తన పేరు దాచుకోవడానికి ఎంచుకున్న చోటు అది. దీనినుంచి పెద్ద సిద్ధాంతం ఏదీ తీయబోను. కానీ ఖాళీ చిత్రకళలో మనుషులు లేరన్న మాట ఇక్కడ చెల్లదు.

ఇంకొకటి, దీనికన్నా ఖాళీగా ఉన్న చిత్రం. 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం మొదట్లో రాజాస్థానంలో పనిచేసిన మా యువాన్ గీసిందని చెప్పే చిత్రమొకటి టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. ఒక చిన్న పడవ, దాని మీద ముందుకు వంగి కూర్చుని గాలం వేస్తున్న మనిషి, పడవ చుట్టూ నాలుగైదు అలల గీతలు. అంతకు మించి ఏమీ లేదు. ఒడ్డు లేదు, ఆకాశం లేదు. అయినా చూసేవాడికి చలికాలపు సరస్సంతా కనబడుతుంది. ఈ చిత్రాన్ని ధ్యానానికీ మౌనానికీ గుర్తుగా చెప్పేవాళ్లు చాలామంది. కానీ సాంకేతిక విజ్ఞాన చరిత్రకారులు దీన్ని ఇంకో కారణానికి గుర్తుపెట్టుకున్నారు. ఆ మనిషి చేతిలోని గాలపు కర్రకు దారం చుట్టే చిన్న చక్రం ఉంది. ఆ పనిముట్టును చూపే అతి పాత చిత్రాల్లో ఇదొకటి. సరస్సును గీయకుండా వదిలేసిన చేయి చక్రాన్ని మాత్రం వదలలేదు. అంటే ఈ సాదాతనం పని తప్పించుకోవడం కాదు. ఏది తప్పదో తేల్చుకుని, దాన్ని తప్పు లేకుండా గీయడం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఎందుకు వదిలారు? దీనికి రెండు తేలిక జవాబులున్నాయి. మొదటిది ఆధ్యాత్మికవాదుల జవాబు. తావో తత్వంలో శూన్యానికి పెద్ద పీట ఉంది, కుండ పనికొచ్చేది లోపలి ఖాళీవల్లే అన్న ఆలోచన ఉంది, కాబట్టి ఈ చిత్రాలు కాలాతీతమైన మౌనం అంటారు వాళ్లు. రెండోది మనలో చాలామంది చెప్పే జవాబు, ఒకప్పుడు నేనూ చెప్పిన జవాబు. ఇది భూస్వామ్య వర్గపు తీరిక కళ, పొలంలో పనిచేసే రైతును చూడలేక కొండల్లోకి పారిపోయిన పలాయనవాదం అని. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే రెండూ అన్ని చిత్రాలనూ ఒకే గాటన కట్టేస్తాయి. ఒకే ఖాళీ వేరువేరు కాలాల్లో వేరువేరు పనులు చేసిందని రెండూ చూడవు.

పలాయనవాదమన్న మాటకు ఆధారం చైనా గ్రంథాల్లోనే దొరుకుతుంది. 1072లో "తొలి వసంతం" అనే ప్రసిద్ధ చిత్రం గీసిన గువో షీ ఆస్థాన చిత్రకారుడు. ఆయన ఆలోచనలను కొడుకు గువో సీ గ్రంథంగా కూర్చాడు. కొండను కింది నుంచి పైకి చూడడం, ముందు నుంచి లోలోపలికి చూడడం, దగ్గర కొండ నుంచి దూరపు కొండలకు సమంగా చూడడం అనే మూడు రకాల దూరాలను విడదీసి చెప్పింది ఆ గ్రంథమే. ప్రకృతి చిత్రం ఎందుకు కావాలో కూడా అది దాపరికం లేకుండా చెబుతుంది. ఉద్యోగ ధర్మాలతో, కుటుంబ బాధ్యతలతో కట్టుబడ్డ పెద్దమనిషి కొండల్లోకి వెళ్లలేడు. కాబట్టి చిత్రం కొండను అతని గదిలోకి తెస్తుంది. అంటే ఈ కళ వాడుకరి ఎవరో, అతని అవసరమేమిటో మొదటి నుంచీ తెలిసిందే.

తర్వాత చరిత్ర మలుపు తిరిగింది. 1127లో జుర్చెన్లు సోంగ్ రాజధాని కైఫెంగ్‌ను పట్టుకుని చక్రవర్తిని బందీగా తీసుకుపోయారు. ఉత్తర భూభాగం పోయింది. మిగిలిన రాజ్యం దక్షిణాన హాంగ్‌జౌ కేంద్రంగా నడిచింది. మా యువాన్ ఆ ఆస్థానంవాడే. ఆయననూ, ఆయన సమకాలికుడు ష్యా గుయ్‌నూ జనం "ఒక మూల మా" అనీ, "ఒక పక్క ష్యా" అనీ పిలిచారు. బొమ్మనంతా ఒక మూలకో పక్కకో చేర్చి మిగతాది వదిలేయడం వాళ్ల పద్ధతి. తరవాతి కాలపు విమర్శకులు కొందరు దీన్ని రాజ్యంతో ముడిపెట్టారు. సగం దేశం పోయినవాళ్లు సగం చిత్రమే గీయగలరన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ ఇక్కడ జాగ్రత్త అవసరం. దేశపటాన్ని, చిత్రపటాన్ని పక్కపక్కన పెట్టి పోలిక తేల్చేస్తే అది యాంత్రిక విమర్శ అవుతుంది. అదే ఆస్థానం ఆ చిత్రాలను మెచ్చి, గోడలకు వేలాడదీసుకుని ఆనందించింది కూడా. సమాజం కళలో ప్రతిఫలిస్తుంది, నిజమే. అద్దంలో ముఖంలాగా మాత్రం కాదు.

ఖాళీకి రాజకీయార్థం తిరుగులేకుండా కనిపించే చిత్రం ఇంకొన్ని తరాల తర్వాత వస్తుంది. 1279 నాటికి మంగోలులు దక్షిణ చైనాను కూడా పూర్తిగా గెలిచారు. పాత రాజ్యానికి విధేయుడైన జెంగ్ సిషియావ్ అనే కవి కొత్త ప్రభువుల కొలువులో చేరలేదు. 1306లో ఆయన గీసిన చిన్న చిత్రం జపాన్‌లోని ఒసాకా మ్యూజియంలో ఉంది. అది కొండల చిత్రం కాదు. ఒక ఆర్కిడ్ మొక్క, కొన్ని ఆకులు, పువ్వు. అంతే. మొక్క కింద నేల లేదు. నేలెందుకు గీయలేదని అడిగితే, దాన్ని పరాయివాళ్లు దోచుకుపోయారని ఆయన జవాబు చెప్పినట్టు ఒక కథ తరతరాలుగా వస్తోంది. కథ ఎంత నిజమో గానీ, చిత్రంలో నేల లేకపోవడం నిజం. ఇక్కడ ఖాళీ మౌనం కాదు, నేరారోపణ. ఒక్క సైనికుణ్ణి గీయకుండా, ఒక్క నినాదం రాయకుండా చేసిన నేరారోపణ.

అదే మంగోలు పాలన చివరి దశాబ్దాల్లో నీ జాన్ (1301–1374) అనే చిత్రకారుడున్నాడు. ఆయన చిత్రాలన్నీ దాదాపు ఒకే తీరున ఉంటాయి. ముందు భాగంలో కొన్ని రాళ్లు, సన్నటి చెట్లు, ఒక్కోసారి నాలుగు స్తంభాల ఖాళీ పాక. నడుమ అంతా తెల్ల కాగితం, అదే నీరు. పైన దూరంగా లోతట్టు కొండలు. మనుషులుండరు. 1372లో ఆయన గీసిన అలాంటి చిత్రం ఒకటి తైపేలో ఉంది. ఈ చిత్రాలను చూస్తే గుండె ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ వెనక ఏముందో కూడా చూడాలి. నీ జాన్ వూషీ ప్రాంతపు సంపన్న భూస్వామి కుటుంబంవాడు. పన్నుల భారం పెరిగింది. 1351లో ఎర్ర తలపాగాల తిరుగుబాటు పేరుతో ప్రసిద్ధమైన రైతాంగ తిరుగుబాటు లేచింది. ఆ కల్లోల కాలంలో ఆయన ఆస్తులు వదులుకుని చాలాకాలం పడవలో తిరుగుతూ బతికాడు. ఆ పాకలో కూర్చోవలసిన మనిషి, భూమి మీద తన చోటు పోగొట్టుకున్న మనిషి. ఆయన వేదన నిజమైనది. ఆ భూమిని దున్నినవాడి వేదన ఆ తెల్లటి నీటి కింద మునిగిపోయిందన్నదీ అంతే నిజం. ఒకదాన్ని ఒప్పుకోవడానికి ఇంకోదాన్ని కాదనక్కర్లేదు.

ఆ తెల్లజాగా గురించి ఇంకో మాట. నీ జాన్ కాలం నాటికి పండిత చిత్రకారులు పట్టు వదిలి కాగితానికి వచ్చారు. ఆ కాగితాల్లో పేరుపడ్డది అన్హుయ్ ప్రాంతపు ష్వాన్ కాగితం. చెట్ల బెరడునూ వరిగడ్డినీ నానబెట్టి, ఉడికించి, దంచి, ఎండకు తెలుపెక్కించి తయారుచేస్తారు. సిరా తాకగానే పీల్చుకుంటుంది. గీసినదాన్ని చెరపడం కుదరదు. చూసేవాడు శూన్యమనుకునే ఆ తెలుపు కూడా ఎవరో కూలివాళ్లు చేతులు నానబెట్టుకుని తీసిన తెలుపే.

వదలడం ఒక ఆనవాయితీగా మారితే ఏమవుతుందో మింగ్ యుగపు చివర కనిపిస్తుంది. దోంగ్ చీచాంగ్ (1555–1636) గొప్ప చిత్రకారుడు, అంతకన్నా గొప్ప సిద్ధాంతకర్త, ఉన్నతాధికారి. చిత్రకళ చరిత్రను రెండు శాఖలుగా విడగొట్టి, పండిత చిత్రకారులను మేలు శాఖలోనూ, మా యువాన్, ష్యా గుయ్ వంటి వృత్తి చిత్రకారులను తక్కువ శాఖలోనూ వేసింది ఆయనే. చేత్తో పనిచేసి బతికేవాడి కళ హీనం, తీరిక ఉన్నవాడి కళ ఉన్నతం అన్న విలువ దాని అడుగున ఉంది. ఆయన గీసిన కొండలు ప్రశాంతంగా, జనసంచారం లేకుండా ఉంటాయి. ఆయన సొంత ఊళ్లో ఆ ప్రశాంతత లేదు. ఆయన కుటుంబం దౌర్జన్యాలకు విసిగిన జనం 1616లో ఆయన ఇంటిని దోచి తగలబెట్టారు. చిత్రంలో లేని జనం గుమ్మంలోకి వచ్చారు. ఆ తర్వాత 1679లో అచ్చయిన "ఆవగింజంత తోట" అనే చిత్రలేఖన పాఠ్యగ్రంథం చెట్టు ఎలా గీయాలో, రాయి ఎలా గీయాలో నమూనాలిచ్చింది. నేర్చుకునేవాళ్లకు అది ఎంతో మేలు చేసింది. నమూనాను దాటలేనివాళ్ల చేతుల్లో మాత్రం కొండా ఖాళీ రెండూ అరువు సరుకయ్యాయి.

ఇంతవరకూ చెప్పినదాంతో తృప్తిపడితే మనకు సులభం. భూస్వాములు తప్పు చేశారు, మనం చేయం అనుకోవచ్చు. అందుకే చివరి ఉదాహరణ మన వైపుది. షి లూ (1919–1982) విప్లవ చిత్రకారుడు. యౌవనంలోనే యెనాన్ చేరాడు. ఆయన కలంపేరులో "షి" షితావో అనే పాత చిత్రకారుడిది, "లూ" లూసున్‌ది. 1959లో ఆయన గీసిన పెద్ద చిత్రానికి వస్తువు 1947 నాటి ఉత్తర షెన్సీ పోరాటం. ఆ సంవత్సరం శత్రుసైన్యం యెనాన్‌ను పట్టుకోగా, మావో ఆ మట్టికొండల్లో తిరుగుతూ యుద్ధం నడిపాడు. షి లూ యుద్ధాన్ని గీయలేదు. కొండచరియ అంచున మావో నిలబడి ఉంటాడు. ముఖం మనవైపు లేదు. ఎదుట, చుట్టూ ఎర్రమట్టి కొండలు వరసలు కట్టి ఉంటాయి. సైన్యం లేదు. ఆ కొండలే సైన్యంలా నిలబడ్డాయి. పాత షాన్‌ష్వే పద్ధతి కొత్త వస్తువుకు ఎలా పనికొస్తుందో చూపిన చిత్రమది.

కానీ 1964లో విమర్శ మొదలైంది. సైన్యమేది? జనమేరి? నాయకుణ్ణి ఒంటరిగా, ముందుకు దారి లేకుండా లోయ అంచున ఎందుకు నిలబెట్టావు? ఇవీ ప్రశ్నలు. సాంస్కృతిక విప్లవ కాలంలో (1966–76) షి లూ తీవ్రమైన వేధింపులు అనుభవించాడు. మనసూ ఆరోగ్యమూ దెబ్బతిన్నాయి. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ ప్రశ్నలు నాకు కొత్త కాదు. సభలో లేచి "మనిషేడీ? షావుకారేడీ?" అన్నది నేనే. నా చేతిలో అధికారం లేదు కాబట్టి ఒక కవితే పాడైంది.

ఇదంతా విని తెలుగు ఎం.ఏ. విద్యార్థి "ఇది మన ధ్వనే కదా" అనవచ్చు. పోలిక ఉంది. వాచ్యం చేయకుండా స్ఫురింపజేయడం రెండింటికీ సమానమే. అయితే ధ్వనికి సహృదయుడు కావాలన్నారు మన ఆలంకారికులు. ఆ సహృదయుడెవరని అడగడమే మన పని. నేల లేని ఆర్కిడ్‌ను చూసి బాధపడగలిగింది దేశం పోయినవాడు. అతనికి వివరణ అక్కర్లేదు. ఖాళీని నింపేది చూసేవాడి అనుభవం. అందుచేత ఎంత వదలాలన్నది ఎవరికోసం రాస్తున్నామన్న ప్రశ్నతో తేలుతుంది.

ఇలా ఆలోచించినప్పుడే నా తప్పు నాకు తెలిసింది. సగం నేసిన చీర, గుంటలో పడ్డ నాడె చాలు, మగ్గం మీద బతికేవాడికి అప్పు గుర్తురావడానికి. షావుకారు పేరు చెప్పనక్కర్లేదు, అతను అతని గుమ్మంలోనే ఉన్నాడు. ఆ కవితలో షావుకారు కావలసింది నేతపనివాడికి కాదు, నాకు. నెల జీతం తీసుకునే నాకు. కవి తన పాఠకుణ్ణి నమ్మాడు. నేను నమ్మలేదు, పైగా ప్రజల పేరు మీద నమ్మలేదు.

అయితే ఇది అన్ని మౌనాలకూ రక్షణపత్రం కాదు. పాఠకుడికి తెలుసు కాబట్టి వదలడం ఒకటి. తనకు ఇబ్బంది కాబట్టి దాచడం వేరొకటి. పైకి రెండూ ఒకే తెల్లజాగాలా ఉంటాయి. వాటిని విడదీయడానికి ఈ చిత్రాలు నాకు నేర్పిన పరీక్ష చిన్నది: ఖాళీ అంచున ఉన్న గీతను చూడాలి. అక్కడ గాలపు కర్రకు చక్రం ఉందా? కొండ కింద గాడిదలను తోలే మనుషులున్నారా? మగ్గం గుంటలో నాడె ఉందా? అలాంటి కచ్చితమైన వస్తువు ఒకటైనా ఉంటే, వదిలినవాడికి జీవితం తెలుసని అర్థం. ఏదీ లేకుండా వట్టి పొగమంచే ఉంటే, ఆ పొగ వెనక ఎవరి పొలముందో అడగవలసిందే. విమర్శకుడు అడగవలసింది అప్పుడు, అక్కడ.

కిందటేడు ఆ కవి కనిపించినప్పుడు మొదటి ప్రతి ఉందా అని అడిగాను. లేదన్నాడు. సవరించినది బాగుందని మీరే అన్నారు కదా మాస్టారూ, పాతది చింపేశానన్నాడు.